"మావోడు సంగటి తినడు" అనేది ముందు మానుకోండి

పాల కేంద్రం కాడ, రచ్చబండ కాడ ఎక్కడ చూసినా ఇదే మాట. "మావోడు పెరుగన్నం, ఉర్లగడ్డ వేపుడు తప్ప ఏమీ ముట్టడన్నా." బిడ్డ పక్కనే నిలబడి వింటా ఉంటాడు. పదిమందిలో వాడికి ఆ పేరు మీరే పెట్టేస్తే ఇంక వాడెందుకు తింటాడు?

అన్నా, మీ తట్టలో సంగటి ఉందా? మన పాకాల పక్క ఒకప్పుడు పొద్దున రాగి అంబలి, మధ్యాన్నం సంగటి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినాక సంగటి పేదోళ్ల తిండి అయిపోయింది. ఇప్పుడు అదే సంగటిని తిరపతి హోటల్లో నాటుకోడి పులుసుతో దుడ్లిచ్చి తింటాము, ఇంట్లో మాత్రం నామోషీ. మన చెనిక్కాయలు అమ్మేసి అంగట్లో ప్యాకెట్లు కొనిస్తాము. వాడు నేర్చుకునింది మన దగ్గరే.

2023 మార్చి నుంచి మన సర్కారు బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ పోయడం మొదలుపెట్టినారు. పక్కోడు తాగితే వీడూ గ్లాసు పట్టుకున్నాడు. ఇంటికొస్తే మాత్రం రాగి అంటే మొహం తిప్పుకుంటాడు. తప్పు రాగుల్లో ఉందా చెప్పండి?

"రెండు పూటలు పస్తు పెట్టు, వాడే తింటాడు" అంటారు కొందరు. కొట్టి కుక్కితే ఆ తిండి పేరెత్తితేనే వాంతికొస్తుంది. "సంగటి తింటే చాక్లెట్ ఇస్తా" అనేది ఇంకా అన్యాయం. సంగటి శిక్ష, చాక్లెట్ బహుమానం అని మనమే చెప్పినట్టు. సెల్లు చూపించి పెడితే నోట్లో ఏం పడిందో కూడా వాడికి తెలీదు.

కొత్త రుచి అలవాటు కావాలంటే పది పదిహేను సార్లు బిడ్డ ముందుకు రావాలని పరిశోధన చేసినోళ్లు చెప్తారు. మనం రెండోసారికే విసుక్కుంటాము. విత్తనం వేసిన రెండోనాడు మొలక రాలేదని చేను దున్నేస్తామా?

గోలీ అంత సంగటి, వాడికిష్టమైన ఊరిబిండితో పెట్టండి. తిన్నా తినకున్నా ఒక్క మాట అనొద్దు. మూణ్ణాలుగు రోజులు పోయినాక మళ్లీ పెట్టండి. చలికాలం అనపకాయలు వస్తాయి కదా, ఒలిచేది, నానిన గింజలు పితికేది వాడి చేతికివ్వండి. తాను పితికిన పప్పు కూరలో పడితే ఒక ముద్దయినా రుచి చూస్తాడు.

ఇది నాలుక చపలం మాట కాదు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం, తెల్లబియ్యంలో ఏదో నామకార్థం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5వ విడతలో మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు బిడ్డల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత తేలింది. ఆకుకూర, అలసంద పండించే ఇండ్లలో కూడానా!

బిడ్డ మింగలేక ఇబ్బంది పడినా, బరువు తగ్గినా దాన్ని మొండితనం అనుకోవద్దు, డాక్టరుకు చూపించండి. మిగిలినోళ్లు ఈ రాత్రికే సంగటి కెలకండి, మొదటి ముద్ద మీ తట్టలో వేసుకోండి.