మరమ్మతు హక్కు మిస్త్రీకి దక్కాలి

మైదుకూరు నుంచి బద్వేలు మీదుగా కృష్ణపట్నం పోయే 67వ నంబరు జాతీయ రహదారి మీద లారీ మొరాయిస్తే డ్రైవర్ మొదట వెతికేది మిస్త్రీనే. చాలాసార్లు ఆయన మన సాయిబుల పిల్లోడే అయ్యుంటాడు. బడి తాలీం అంతంతమాత్రమే. ఉస్తాద్‌కు పానాలు అందిస్తూ నేర్చుకున్న హునర్ మాత్రం కొండంత.

బండి స్టార్ట్ కాలేదనగానే సెల్ఫ్ మోటారు మార్చమనేవాడు మిస్త్రీ కాదు. హకీం నబ్జ్ చూసినట్టు ఒక వరుసలో పోవాలి. హెడ్‌లైట్ వేసి తాళం తిప్పాలి. లైటు చచ్చిపోతే బ్యాటరీ దిగిందనో, టెర్మినల్, ఎర్త్ వైరు వదులయ్యాయనో అర్థం. పెద్ద లారీకి 24 వోల్టులు కావాలి. అందుకే 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి ఉంటాయి. ఒకటి చెడినా రెండోది ఆదుకోలేదు. లైటు బాగా వెలుగుతున్నా ఇంజను కదలకపోతే తాళం స్విచ్చి, రిలే, సెల్ఫ్ సోలినాయిడ్ చూడాలి. ఇంజను తిరుగుతూ అందుకోకపోతే డీజిల్ దారి వెతకాలి. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, పైపులో గాలి చేరినా ఇంజను అందుకోదు. పాత బండ్లలో గాలి చేరితే హ్యాండ్ పంపు కొట్టి తీసేస్తే సరిపోయేది.

ఈ వరుస తెలియడమే ఇల్మ్. కానీ 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్ల దగ్గర అది సగంలోనే ఆగిపోతోంది. డీజిల్ ఎప్పుడు, ఎంత చల్లాలో ఈసీయూ లెక్కగడుతుంది. క్రాంక్ సెన్సర్ సిగ్నల్ పోతే సెల్ఫ్ ఎంత తిరిగినా ఇంజను అందుకోకపోవచ్చు. మర్జ్ పట్టాలంటే స్కానర్ కావాలి, ఆ మోడల్ వైరింగ్ పటం కావాలి. అవి రోడ్డు పక్క షెడ్డుకు అందవు. పొగ తగ్గాలనడంలో నాకు పేచీ లేదు. పొగ తగ్గించడానికి మిస్త్రీ నోటికాడి రోజీ లాక్కోవడం ఎందుకన్నదే నా సవాల్.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. వాహనాలను కూడా అందులో చేర్చింది. ఆ డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. మంచిదే. కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు. కంపెనీలు స్కానర్ సమాచారాన్ని వాజిబ్ ధరకు ఇవ్వాలని చట్టం చెయ్యాలి. ఐటీఐల్లో మిస్త్రీలకు సాయంత్రం పూట తరగతులు పెట్టాలి. మన షాగిర్దులు కూడా స్పానర్‌తో పాటు పుస్తకం పట్టాలి.

మరమ్మతు, హక్కు, రెండు మాటలూ ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చినవే. మాటలు ఇచ్చిన వాళ్లకు ఆ హక్కు కూడా దక్కడమే ఇన్సాఫ్.