నా పేరుకు తాళం వేయడానికి ఎవరి అనుమతి?



గడచిన శీతకాలంలో నాకొక ఉత్తరం వచ్చింది. డాలస్ సమీపంలో మా పెద్దబ్బాయి ఇంట ఉంటున్న నాకు ఉత్తరాలు వ్రాసేవారు అరుదు గనుక ఆత్రంగానే విప్పాను. ఎప్పుడో రక్తపరీక్షకు వెళ్ళిన ఒక వైద్యశాలవారు వ్రాశారు. వారి కంప్యూటర్లలో దొంగలు పడ్డారట. నా పేరు, పుట్టిన తేదీ, తొమ్మిదంకెల సోషల్ సెక్యూరిటీ సంఖ్య పోయి ఉండవచ్చునట. మిక్కిలి చింతిస్తున్నారట. చివర ఒక హితవు: మీ క్రెడిట్ రిపోర్టులను ఫ్రీజు చేసుకోండి. తేదీలు చూస్తే దొంగతనం జరిగి అప్పటికి సరిగా ఆరు నెలలు. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్న సామెతను తరగతిలో ఎన్నిమార్లు చెప్పానో లెక్కలేదు. ఇంత అక్షరార్థంగా ఋజువు కావడం మాత్రం అప్పుడే చూశాను.

క్రెడిట్‌కు మనకు 'పరపతి' అని చక్కని మాట ఉంది. మా కృష్ణా జిల్లా పల్లెలో సహకార పరపతి సంఘం బోర్డు మీద చిన్నప్పుడు కూడబలుక్కొని చదివిన మాట అది. ఒకని పరపతి ఎంతటిదో ఊరు చెప్పేది. అమెరికాలో ఆ ఊరి స్థానంలో మూడు వ్యాపారసంస్థలు కూర్చున్నాయి: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్ యూనియన్. అప్పులిచ్చేవారు మన లావాదేవీలను వీటికి చేరవేస్తారు. ఇవి వాటిని నివేదికలుగా కూర్చి తిరిగి అప్పులిచ్చేవారికే అమ్ముతాయి. ఈ వాక్యాలలో నేనెక్కడున్నానో చూడండి. కర్తలు వారు, కర్మను నేను. 33 ఏళ్ళు వ్యాకరణం చెప్పినవాడికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఫ్రీజును స్తంభన అందాం. నా సంఖ్య దొంగిలించినవాడు నా పేరిట అప్పు కోరితే, అప్పిచ్చేవాడు నా నివేదికను అడుగుతాడు. అది స్తంభించి ఉంటే అతనికి కనబడదు. కనబడనిదే సాధారణంగా కొత్త అప్పు పుట్టదు. మంచి సాధనమే. దానిని నేను నిందించడం లేదు. ఈ దేశంలో ఉన్నవారందరూ చేసుకోవలసిందే. నా అభియోగమంతా ఆ భారాన్ని ఎవరి నెత్తిన పెట్టారన్నదాని మీద.

కొంచెం పూర్వకథ. కాలిఫోర్నియాలో ఈ హక్కు 2003లో అమలులోకి వచ్చింది. తరువాత తక్కిన రాష్ట్రాలూ అనుసరించాయి. కాని చాలాచోట్ల ఒక్కొక్క సంస్థకు 10 డాలర్ల వరకు రుసుము చెల్లించాలి. తాత్కాలికంగా తొలగించుకోవడానికీ పలుచోట్ల రుసుమే. మనం అడగకుండా మన వివరాలు పోగుచేసినవారే, వాటిని దాచి ఉంచమంటే మనవద్ద డబ్బు పుచ్చుకున్నారు! 2017 సెప్టెంబరులో ఈక్విఫాక్స్ సంస్థ తనవద్ద దొంగలు పడ్డారని ప్రకటించింది. నష్టపోయినవారు సుమారు 14.7 కోట్లమంది. కంచే చేను మేయడమంటే తెలుసు గాని, కంచె నిద్రపోయి చేను పోగొట్టడం అప్పుడు చూశాం. భయంతో స్తంభనకు పరుగెత్తినవారికి ఆ సంస్థ ఇచ్చిన రహస్య సంఖ్య, వారు కోరిన తేదీ, సమయమే తప్ప వేరు కాదని ఆ రోజులలోనే బయటపడింది. ఇంత రభస జరిగితే గాని 2018 సెప్టెంబరు 21 నుండి స్తంభన దేశమంతటా ఉచితం కాలేదు.

ఇక నా కథ. రెండుచోట్ల మా అబ్బాయి సహాయంతో ఒక్క పూటలో పని ముగిసింది. మూడవచోటు పేరు చెప్పను. నాకు పేరుతో పని లేదు, తీరుతో పని. నేను నేనేనని ఋజువు చేయడానికి ఆ యంత్రం నాలుగు ప్రశ్నలు వేసింది. ఈ వీధులలో దేనిలో నివసించారు? మీ కారు అప్పు ఏ బ్యాంకులో? మీ ఇంటి అప్పుకు నెలసరి వాయిదా ఎంత? నాకు కారు లేదు, ఇల్లు లేదు, అప్పు లేదు. ప్రతిదానికీ 'పైవేవీ కావు' అన్నాను. పరీక్ష తప్పానని చెప్పింది. జీవితంలో ఒకరికి రూపాయి బాకీ పడనివాడిని, ఆ ఒక్క కారణం చేత, నేనెవరో ఋజువు చేసుకోలేకపోయాను. నా వివరాలు దొంగిలించినవాడైతే కూర్చుని జవాబులన్నీ వల్లించి ఉండేవాడేమో!

ఫోను చేశాను. యంత్రం పేరు పలకమన్నది. పలికాను. అది మరేదో పలికి 'ఔనా?' అన్నది. మన ఇంటిపేర్ల గొడవ మీకు చెప్పనక్కరలేదు. పెన్షను పుస్తకంలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, అబ్బాయి ఇప్పించిన కార్డు మీద ఒక పొడి అక్షరం. తాతముత్తాతల నుండి ముందు నడచిన ఇంటిపేరు సముద్రం దాటగానే వెనుకకు పోయింది. ఈ యంత్రాల లెక్కలో మేము ముగ్గురం మూడు వేరు మనుష్యులం. చివరకు పత్రాల నకళ్ళు తపాలాలో పంపాను. వివరాలు సరిపోలలేదని జవాబు. మళ్ళీ పంపాను, చిరునామాకు ఋజువు కావాలన్నారు. కరెంటు బిల్లు, నీటి బిల్లు, అన్నీ అబ్బాయి పేరిట. బ్యాంకువారి కాగితం జతపరచి మూడవసారి పంపితే స్తంభన జరిగింది. మొత్తం ఏడు వారాలు. తపాలాలో కోరితే మూడు పనిదినాలలో చేయాలని చట్టం. కాని మన గుర్తింపు సరిపోయిందని వారు ఒప్పుకున్నాకే ఆ గడియారం తిరగడం మొదలవుతుంది.

ఆ మధ్యలో మరొక వలను కూడా గమనించాను. 'లాక్' అనే వేరొక సరుకు ఉంది. వినడానికి రెండూ ఒకటే. ఫ్రీజు చట్టమిచ్చిన హక్కు, ఉచితం. లాక్ సంస్థ తన షరతులపై ఇచ్చే సేవ, కొన్నిచోట్ల నెలనెలా రుసుముతో. హక్కును అంగట్లో మూలకు నెట్టి, సరుకును గుమ్మంలో వ్రేలాడదీస్తే, ఆంగ్లం అంతంతమాత్రంగా వచ్చిన వృద్ధుడు దేనిని పట్టుకుంటాడు?

మా మనుమడికి నాలుగేళ్ళు. పదహారేళ్ళలోపు పిల్లల పేరిట తల్లిదండ్రులు స్తంభన కోరవచ్చు. మంచిదే. అయితే ఆ పిల్లవాడి పేరిట నివేదిక లేకపోతే, స్తంభింపజేయడం కోసమే సంస్థ ఒక పత్రం సృష్టిస్తుంది. తాళం వేయడానికి ముందుగా తలుపొకటి కట్టాలన్నమాట!

"నాన్నగారూ, ఇప్పుడు ఉచితమే కదా, ఎందుకింత ఆయాసపడతారు?" అన్నాడు మా అబ్బాయి. నాయనా, డబ్బు ఉచితం. ఏడు వారాలు ఉచితం కాదు. పైగా నీవు దగ్గర లేకపోతే నాకు ఆ రెండూ కూడా అయ్యేవి కావు. కొడుకులు దగ్గర లేని వృద్ధులు ఎందరు?

"అందరి నివేదికలూ మూసి ఉంచితే వ్యాపారం ఆగిపోదా?" అన్నది అతని రెండవ ప్రశ్న. దీనికి జవాబు చట్టంలోనే ఉంది. ఫోనులోగాని అంతర్జాలంలోగాని కోరితే స్తంభనను ఒక గంటలో తొలగించాలి. గంటలో తెరవగల తలుపును మూసి ఉంచితే ఏ వ్యాపారం మునుగుతుంది? మనిషి ఇల్లు కొనేది, కారు కొనేది జీవితంలో ఎన్నిసార్లు? ఆ కొద్ది రోజులకోసం తక్కిన రోజులన్నీ తలుపులు బార్లా తీసి ఉంచడం ఏమి నీతి? మా శాస్త్రంలో ఉత్సర్గమని, అపవాదమని రెండుంటాయి: సామాన్యసూత్రమూ, దానికి మినహాయింపూ. మూసి ఉండటం ఉత్సర్గం కావాలి, తెరవడం అపవాదం కావాలి. ఇప్పుడున్నది సరిగా తలక్రిందులు. అడిగితేనే తాళం, అడగలేనివానికి లేదు. ఎప్పుడూ మూసి ఉంచితే నావంటివాడు తెరవడానికి కష్టపడతాడేమో. పడనీ. అప్పు కావలసినవాడు కష్టపడటంలో న్యాయముంది. అప్పే వద్దనుకున్నవాడిని కష్టపెట్టడంలో ఏ న్యాయమూ లేదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఇది పరాయి గొడవ అనుకుంటున్న మిత్రులకొక మాట. సిబిల్ 2000లో ఏర్పడింది. 2005లో మనకూ చట్టం వచ్చింది. నేడు మనదేశంలో ఇటువంటి సంస్థలు నాలుగు. వాటిలో మూడింటి పేర్లలో పైన చెప్పిన మూడు పేర్లే వినబడతాయి. అమెరికావారి స్తంభన హక్కువంటిది మన 2005 చట్టంలో లేదు. మన నివేదికను ఎవరైనా తెరిస్తే సందేశం పంపాలని, ఫిర్యాదు 30 రోజులలో తీరకపోతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలని రిజర్వుబ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. మెచ్చవలసిందే. కాని దొంగ లోపలికి వెళ్ళాక మ్రోగే గంట అది. పాన్ సంఖ్య ప్రతి దుకాణంలో, ప్రతి అద్దెకాగితంలో వ్రాసి ఇచ్చే దేశంలో గంట చాలదు, తాళం కావాలి. ఆ తాళం వచ్చేనాడు అది మొదటి నుండీ వేసి ఉన్న తాళంగా రావాలని ఇప్పుడే అడగండి.

అంతవరకు అమెరికాలో ఉన్నవారు బద్ధకించకుండా మూడుచోట్లా స్తంభన చేసుకోండి. ఒక్కచోట చేస్తే తక్కిన రెండింటికీ అది ప్రాకదు. మీ అమ్మానాన్నలు మీ ఇంట ఉంటే, ఒక ఆదివారం వారి ప్రక్కన కూర్చుని వారి పని కూడా చేసిపెట్టండి. వారు అడగరు. ఇలాంటిది ఒకటున్నదని వారికి తెలియదు. నాకూ, దొంగలు పడిందాకా తెలియలేదు.

స్వస్తి.