కొప్పెరల కథ పిల్లలకు చెప్పాలా?

పుట్టి ఎక్కీ ఎక్కగానే మా చిన్నోడు అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, వాళ్ళకి ఎంత బంగారం దొరికింది?" అని. పక్కన కూర్చున్న పెద్దాయన ఒకాయన తలతిప్పి చూశాడు. నాకు నదిలో దూకేద్దామన్నంత సిగ్గేసింది.

మేం పోయింది ఆనెగొంది దగ్గర తుంగభద్ర మధ్యలో ఉన్న నవబృందావనానికి. రాయదుర్గం నుంచి బళ్ళారి మీదుగా పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరొచ్చు. డ్యామ్ నుంచి నీళ్ళు ఎక్కువ వదిలితే పడవలు ఆపేస్తారు, కనుక్కుని పోండి. మన కణేకల్లు వైపు హెచ్చెల్సీ కాలువలో వచ్చేదీ ఈ నది నీళ్ళే. అక్కడ అంత నీటిని చూస్తే మన కరువు సీమ ఆడవాళ్ళకి కళ్ళు చెదురుతాయి.

దీవి చిన్నది. తొమ్మిది మంది మధ్వ యతుల బృందావనాలు, రంగనాథుడి గుడి, ఆంజనేయుడి గుడి ఉన్నాయి. బృందావనమంటే తెలియనివాళ్ళకి చెప్తున్నా, రాతితో కట్టిన పెద్ద తులసికోటలాగా ఉంటుంది, కింద యతి సమాధి. నడిమధ్యన ఉన్నది వ్యాసరాయలది. శ్రీకృష్ణదేవరాయలకు గురువు. 1539లో పోయారు. 'న్యాయామృతం' లాంటి పెద్ద పెద్ద తర్కగ్రంథాలు రాశారు, పురందరదాసుకు గురువు. మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. శ్రావణమాసంలో ఒకే రోజున కసాపురం, నేమకల్లు, మురడి ఆంజనేయస్వాములను చూసొస్తామే, ఆ ముగ్గురినీ ప్రతిష్ఠించింది ఈయనేనని మన పెద్దలు చెప్తారు. ఏటా ఆ మూడు గుళ్ళూ తిరుగుతూ కూడా ఈయన పేరు మా పిల్లలకు నేనెప్పుడూ చెప్పలేదు.

వాళ్ళకి తెలిసింది వేరే. 2019 జులైలో ఒక రాత్రి, కింద నిధి ఉందని ఎవరో చెబితే నమ్మి, ఆయన బృందావనాన్ని పగలగొట్టి తవ్వేశారు. పట్టుబడినవాళ్ళు ఆంధ్రావాళ్ళు, అందులోనూ మన అనంతపురం జిల్లావాళ్ళని పేపర్లో వచ్చింది. మఠాలవాళ్ళు, భక్తులు కలిసి వెంటనే మళ్ళీ కట్టారు. ఆ యతుల్లో ఎవరి బృందావనం ఏదని కోర్టుల దాకా పోయిన మఠాలు కూడా ఆ రోజు ఒక్కటయ్యాయి.

నిధి దొరికిందా అని మావాడు ఎందుకు అడిగాడో నాకు తెలుసు. మా అత్తమ్మ రోజూ అన్నం పెడుతూ చెప్పే కథ అదే. మన రాయదుర్గం కోట కింద ఏడు కొప్పెరల బంగారం ఉందంట, నాగుపాము కాపలా అంట. నేను కూడా మా అవ్వ దగ్గర అలాంటివే విన్నా. కొండెక్కినప్పుడు తవ్విన గుంతలు చూసి "ఎవరో పాడు వెధవలు" అనుకున్నానే గానీ, ఆ వెధవలకి కూడా చిన్నప్పుడు ఎవరో ఒక అవ్వ ముద్దలు కలిపి పెడుతూ ఈ కథే చెప్పుంటుందని తోచలేదు.

అట్లని కథలే వద్దంటానా? వ్యాసరాయల మీద కూడా కథ ఉంది. రాయలకు కుహూయోగమనే గండం వస్తే, ఆ గడియ దాటేవరకు ఈయన సింహాసనం మీద కూర్చున్నారంట. గండం పామై వస్తే మీది కాషాయం తీసి దానిపై వేశారంట, బట్ట భగ్గున కాలిపోయిందంట. గడియ దాటాక గద్దె రాయలకే ఇచ్చేశారు. నిజమో కాదో ఎవరు చూశారు? కానీ దాంట్లో ఒక మనిషి ఉన్నాడు. కొప్పెరల కథలో మనిషే లేడు. సొమ్ము ఉంది, అది దొరికే చోటు ఉంది. చోటు చెప్పాక తవ్వేవాడు రాకుండా ఉంటాడా?

ఇంటికొచ్చి అత్తమ్మతో అన్నా. "నిధి లేదని నీకెట్ల తెలుసే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. చోటు మాత్రం చెప్పొద్దత్తమ్మా అని బతిమాలుకున్నా. రెండు రోజులు మూతి ముడుచుకుంది. ఇప్పుడు ఆ ఏడు కొప్పెరలు, పాముతో సహా, పేరులేని ఏదో ఊరి కొండకు మారాయి. చిన్నోడు మాత్రం "అవ్వా, అది మన కోటే కదా?" అని అడుగుతూనే ఉన్నాడు.