ఎమ్మిగనూరు టికెట్టూ, అయోవా ఓటూ

2024 జనవరి 2న వైఎస్సార్‌సీపీ విడుదల చేసిన నియోజకవర్గ ఇన్‌చార్జిల రెండో జాబితాలో ఎమ్మిగనూరు ఎదుట మాచాని వెంకటేశ్ పేరు కనిపించింది. సిట్టింగ్ ఎమ్మెల్యే ఎర్రకోట చెన్నకేశవరెడ్డిని పక్కనపెట్టి చేనేత వర్గం నుంచి కొత్త ముఖాన్ని తెచ్చారు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కనుక విశ్లేషణకు తడుముకోవాల్సిన పని లేకపోయింది. బీసీ కార్డు, మగ్గాల ఓట్లు, రెడ్ల అలక అంటూ లెక్కలు మొదలయ్యాయి. తీరా మార్చి 16న ఇడుపులపాయలో తుది జాబితా వచ్చేసరికి ఆ చోట బుట్టా రేణుక ఉన్నారు. ఈ రెండున్నర నెలల్లో ఎమ్మిగనూరు ఓటరు మనసు మార్చుకున్నాడా? ఏమో, అతన్ని అడిగిన వాళ్లు లేరు.

అదే జనవరి 15న అమెరికాలోని అయోవాలో ఇంకో కొత్త ముఖం కథ తేలిపోయింది. 2023 ఆగస్టు 23న మిల్వాకీలో అధ్యక్ష అభ్యర్థిత్వం కోరే రిపబ్లికన్ల మధ్య జరిగిన చర్చ తర్వాత వివేక్ రామస్వామి పేరు మార్మోగింది. భారతీయ మూలాలున్నవాడు కాబట్టి మన మీడియా కూడా ఆయన్ను ఎత్తుకుంది. అయోవాలో పార్టీ ఓటర్లు వేసిన ఓట్లు లెక్కపెడితే దక్కింది నాలుగో స్థానం, 8 శాతానికి కాస్త తక్కువ. ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకుని ట్రంప్‌కు జై కొట్టారు. అమెరికా పద్ధతి గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడ డబ్బు ఆడించే ఆట మనకన్నా తక్కువేమీ కాదు. కానీ పార్టీ అభ్యర్థి ఎవరో పార్టీ ఓటర్లే తేలుస్తారు. మీడియా మోసిన పేరు నిలబడిందో లేదో అసలు ఎన్నికకు ముందే అంకెల్లో కనబడుతుంది.

మనకు ఆ మెట్టు లేదు. సర్వేలున్నాయి. ఫోన్ మోగుతుంది, ఫలానా ఆయన అభ్యర్థి అయితే సమ్మతమా, అయితే ఒకటి నొక్కండి అంటుంది రికార్డు గొంతు. ఎంతమంది ఒకటి నొక్కారో అధినేతకు తప్ప ఎవరికీ తెలియదు. విలేకరికి మిగిలేది లీకు ఒక్కటే. ఆశావహుడి తరఫు మనిషి ఫోన్ చేసి, ‘అన్నా, మనోడిది ఫైనల్ అంట, స్క్రోలింగ్ వేయించు’ అంటాడు. స్క్రోలింగ్ పడితే దాన్ని సెల్‌లో ఫొటో తీసి పార్టీ ఆఫీసుకు పంపుతాడు, జనంలో మనోడికి ఎంత ఊపుందో చూడండని. తాను పుట్టించిన వార్తే తనకు సాక్ష్యమవుతుంది. ‘దూసుకుపోతున్న అభ్యర్థి’ కథనాల్లో చాలావాటి పుట్టుక ఇదే.

ఈ హడావుడి జరిగే నెలలు చూడండి. పత్తి ఏరడం అయిపోగానే ఆదోని చుట్టుపక్కల పల్లెల నుంచి, కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం వైపు నుంచి జనం సుగ్గికి, అంటే పనులకు వలస పోతారు. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు కట్టడాలకు కొందరు. ఇళ్లకు తాళాలు పడతాయి, పిల్లల బడి ఆగిపోతుంది, ముసలివాళ్లు మాత్రం ఊళ్లో ఉంటారు. చాలామంది తిరిగొచ్చేది ఉగాదికి అటూ ఇటూగా. టికెట్ల చర్చంతా వాళ్లు లేనప్పుడే నడుస్తుంది. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములకు నీళ్లెందుకు అందడం లేదో, వలసను ఆపే పని ఏదో ఏ ఆశావహుణ్నీ అడిగే సందర్భమే రాదు. అడిగేదల్లా కులం, ఖర్చు పెట్టే స్తోమత.

ఆదోనిలో ఈ టికెట్ల జోస్యం ఇంకా అన్యాయంగా తేలింది. 2014, 2019ల్లో గెలిచిన వై. సాయిప్రసాద్ రెడ్డి మీద టీడీపీ నుంచి నిలబడేది ఎవరన్నదే చాలాకాలం ప్రశ్న. 2009లో ఆయన్ను ఓడించిన మీనాక్షి నాయుడి పేరు చుట్టూ కేడర్ ఆశలు పెట్టుకుంది. 2024లో పొత్తులో సీటు బీజేపీకి పోయింది. మార్చి 27న డాక్టర్ పి.వి. పార్థసారథి పేరు ప్రకటించారు. మే 13 పోలింగ్‌కు ఏడు వారాలే గడువు. పళ్ల డాక్టరుగా పేరున్న ఆయన 18 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఎమ్మిగనూరులో టీడీపీ అభ్యర్థి బి.వి. జయనాగేశ్వర రెడ్డి చేతిలో రేణుక 15 వేలకు పైగా తేడాతో ఓడారు.

ఇన్‌చార్జిల మార్పే వైఎస్సార్‌సీపీని ముంచిందని ఫలితాల తర్వాత తేల్చేసినవాళ్లూ ఉన్నారు. అదీ తొందరపాటే. పక్కనే ఆలూరులో అప్పటి మంత్రి గుమ్మనూరు జయరాంను కాదని విరూపాక్షిని పెట్టారు. జయరాం టీడీపీలో చేరి గుంతకల్లులో గెలిచారు, విరూపాక్షి ఆ ఎదురుగాలిలోనూ ఆలూరును నిలబెట్టారు. ఒకే జిల్లాలో, ఒకే పార్టీలో, ఒకే రకం మార్పుకు రెండు ఫలితాలు. మాచాని వెంకటేశే బరిలో ఉండి ఉంటే ఆ 15 వేల తేడా తగ్గేదో పెరిగేదో చెప్పడానికి ఎవరి దగ్గరా ఒక్క అంకె లేదు.