ఇల్లు విశాలం, దారి సుదూరం: ఏది మేలు?

హైదరాబాదు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. బోరబండలో రెండు గదుల వాటాలో ఐదుగురు ఉంటున్నారట. భార్యాభర్తలు, తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి, ఐదో తరగతి అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ళ అత్తగారు. అత్తగారికి ఆయాసం. భర్తకు నలభై ఆరేళ్ళు. మూడేళ్ళుగా రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. హైటెక్ సిటీలో ఆయన ఆఫీసు ఇంటికి నలభై నిమిషాల దూరం. ఇప్పుడు ఘట్‌కేసర్ దగ్గర మూడు పడక గదుల ఫ్లాటు ఒకటి వాళ్ళకు అందుబాటు ధరలో కనిపించింది. అక్కడి నుంచి ఆఫీసుకు గంటా యాభై నిమిషాలు పడుతుంది. "నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది" అని భర్త అంటున్నారు. ఆరోగ్యం దృష్ట్యా ఏది మంచిదో చెప్పమని ఆమె అడిగారు.

ఇది బ్యాంకు మేనేజరును అడగవలసిన ప్రశ్న కదా అని మీరనుకోవచ్చు. కాదు. ఇంటి ధర బ్యాంకుకు తెలుస్తుంది. రోజూ దారిలో పోయే గంటల ధర చెల్లించేది మాత్రం శరీరమే. ఇలాంటి ఇల్లు చూసుకుంటున్నవారు మీలోనూ చాలామంది ఉంటారు. అందుకే ఈ వారం ఈ విషయం వివరంగా చెబుతున్నాను.

ఇరుకింటితో వచ్చే ఇబ్బందులు

ముందుగా పెద్ద ఇంటి పక్షాన చెప్పవలసింది చెప్పాలి. ఇరుకు అనేది ఒట్టి అసౌకర్యం కాదు, అనారోగ్యం కూడా. ఒకే గదిలో నలుగురు పడుకుంటే ఒకరికి వచ్చిన జలుబు వారం తిరక్కుండా నలుగురికీ వస్తుంది. క్షయ రోగి దగ్గినపుడు వెలువడే సూక్ష్మమైన తుంపరలు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. చెమ్మ పట్టిన గోడలకు బూజు పడితే ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. వంటగది పక్కనే పెద్దావిడ మంచం ఉంటే పోపు ఘాటు, పొగ తిన్నగా ఆవిడ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నివాసాలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచనలు వెలువరించింది. అందులో ఇళ్ళలో కిక్కిరిసి ఉండడాన్ని తగ్గించాలని గట్టిగా చెప్పింది.

కాని ఒక సంగతి గమనించండి. ఇక్కడ జబ్బులకు కారణం గదులు తక్కువ కావడం ఒక్కటే కాదు, గాలీ వెలుతురూ లేకపోవడం కూడా. మూడు పడక గదుల ఫ్లాటులో రెండు గదుల కిటికీలు బావిలాంటి డక్టులోకి తెరుచుకుంటే ఆ ఇల్లు విశాలమే గాని ఆరోగ్యకరం కాదు. రెండు గదుల ఇల్లే అయినా ఎదురెదురుగా కిటికీలుండి, ఉదయం ఎండ లోపల పడుతుంటే అది దానికంటే నయం. అందుచేత ఇల్లు చూడడానికి వెళ్ళినపుడు చదరపు అడుగులతో పాటు కిటికీలు కూడా లెక్కపెట్టండి. మధ్యాహ్నం పూట లైటు వేయకుండా ప్రతి గదిలోనూ నిలబడి చూడండి.

దారిలో పోయే ఆరోగ్యం

ఇక రెండో పక్షం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 4,297 మందిని పరీక్షించి, 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. పనికి 24 కిలోమీటర్లకు మించి ప్రయాణించేవారిలో తగినంత వ్యాయామం చేసేవారు తక్కువగాను, స్థూలకాయం ఉన్నవారు ఎక్కువగాను కనిపించారు. 16 కిలోమీటర్లు దాటినవారిలో రక్తపోటు ఎక్కువగా కనిపించింది. దీనికంతటికీ ప్రయాణమే కారణమని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. అయినా ఇప్పటికే రక్తపోటు ఉన్న మనిషి దీన్ని పట్టించుకోకుండా ఉండడం మంచిది కాదు.

ప్రయాణమంటే ప్రధానంగా కూర్చోవడమే. 1953లో లండన్ డాక్టరు జెర్రీ మోరిస్, ఆయన సహచరులు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించారు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, టిక్కెట్లు కొడుతూ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా వచ్చాయి. ఇద్దరూ తిరిగింది ఒకే బస్సులో! తేడా అంతా కదలికలో ఉంది.

స్కూటరు మీద వెళ్ళేవారికి ఇంకో రెండు బాధలు. గతుకుల వల్ల నడుము నొప్పి ఒకటి, పొగ రెండవది. గాలిలోని సన్నని ధూళికణాలు చేతిరుమాలు కట్టుకున్నంత మాత్రాన ఆగవు. ముఖానికి బాగా అతుక్కుని ఉండే ఎన్-95 మాస్కు వాడితేనే కొంత రక్షణ.

ఆడవారి సంగతి వేరే చెప్పాలి. దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో చాలామంది ఉదయం నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. మూత్రం ఆపుకుంటారు. దానివల్ల మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షను, కొందరికి మూత్రపిండాల్లో రాళ్ళు వస్తాయి. ఈ బాధ పడుతూ కూడా బయటికి చెప్పుకోనివారు చాలామంది.

నిజంగా అలవాటవుతుందా?

భర్తగారు చెప్పిన మాట దగ్గరకు వద్దాం. మనిషికి కొన్ని త్వరగానే అలవాటవుతాయి. వాటిలో పెద్ద ఇల్లు ఒకటి. గృహప్రవేశం నాడు హాలు చూసి మురిసిపోతాం. ఆరు నెలలు గడిచేసరికి అది మామూలు హాలే. ఏడాది తిరిగేసరికి మూడో గదిలో పాత మంచం, ఖాళీ అట్టపెట్టెలు చేరతాయి.

ప్రయాణం అలా కాదు. ఇవాళ సిగ్నలు దగ్గర ఆగిపోతాం. రేపు వాన. ఎల్లుండి ఏదో లారీ అడ్డంగా ఆగిపోయి ఉంటుంది. ప్రతిరోజూ కొత్త అవాంతరమే. ఆలస్యమవుతుందేమోనన్న ఆదుర్దా రోజూ ఉంటుంది. రోజూ మారిపోయేదానికి మనసు అలవాటు పడడం కష్టం. 2004లో డేనియల్ కానెమన్, ఆయన సహచరులు టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది స్త్రీలను రోజంతా ఏ పని చేస్తున్నపుడు ఎలా ఉందో అడిగారు. అన్నిటికంటే తక్కువ సంతోషం కలిగించేవాటిలో ఉదయం పూట ఆఫీసు ప్రయాణం ఒకటని తేలింది. జర్మనీలోని ఉద్యోగుల వివరాలను పరిశీలించిన బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్సర్ అనే ఆర్థికవేత్తలకు మరో సంగతి కనిపించింది. దూరం పోయేవారికి దానికి బదులుగా మంచి జీతమో, మంచి ఇల్లో దక్కుతుంది కాబట్టి వారి తృప్తి ఇతరులతో సమానంగా ఉండాలి. లెక్క ప్రకారం అంతే. కాని దూరం పెరిగినకొద్దీ తృప్తి తగ్గుతూ వచ్చింది.

గంటలు లెక్క వేయండి

కాగితం, కలం తీసుకోండి. ఈ కుటుంబంలో ఇప్పుడు రానుపోను 80 నిమిషాలు. కొత్త ఇంటి నుంచి 220 నిమిషాలు. రోజుకు అదనంగా 2 గంటల 20 నిమిషాలు. వారానికి ఐదు రోజులు, సంవత్సరానికి 48 వారాలు అనుకుంటే 560 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 23 రోజులకు పైమాట!

ఈ గంటలు ఎక్కడినుంచి వస్తాయి? ఆఫీసు పని తగ్గదు. ముందుగా పోయేది ఉదయపు నడక. తరువాత నిద్ర. ఆపైన వేళకు భోజనం. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. రక్తపోటు ఉన్నవారు వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవాలి. క్రమం తప్పకుండా చేసే వ్యాయామం వల్ల రక్తపోటు 5 నుంచి 8 పాయింట్ల దాకా తగ్గుతుంది. ఆ నడక మానేసి, రాత్రి పదింటికి తిని, ఐదున్నర గంటలు పడుకునే మనిషికి ఒకే మాత్ర ఎన్నాళ్ళు సరిపోతుంది? నిద్ర చాలక బండి నడుపుతూ కునుకు పట్టడం అన్నిటికంటే ప్రమాదకరం.

ఇంటిల్లిపాదినీ లెక్కలోకి తీసుకోండి

ప్రయాణం చేసేది ఒక్కరే అయినా భారం అందరిదీ. ఆయన రాత్రి తొమ్మిదింటికి వస్తే, అప్పటిదాకా ఇల్లాలు భోజనం చేయకుండా ఎదురుచూస్తారు. పిల్లలు నాన్నను ఆదివారమే చూస్తారు. పిల్లల బడి కూడా మారుతుందా? లేక వారూ గంట సేపు బస్సులో కూర్చోవాలా? పదమూడేళ్ళు దాటిన పిల్లలకు రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. తెల్లవారుజామున అయిదింటికి లేపి బస్సెక్కిస్తే వచ్చే ఏడాది పదో తరగతి చదువు ఎలా సాగుతుంది?

పెద్దవారుంటే ఆసుపత్రి ఎంత దూరమో తప్పకుండా చూడాలి. పక్షవాతం వచ్చినపుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ తలకు స్కానింగు తీసిన తరువాతే. గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే. కొత్త కాలనీలో పార్కు ఉందా, ఈతకొలను ఉందా అని అడిగేవారు, స్కానింగు ఉండి రాత్రిపూట కూడా డాక్టరు ఉండే ఆసుపత్రి ఎంత దూరమో అడగరు. అది ముందు అడగండి.

ఈ సోదరికి నా సలహా

అమ్మా, మీ అత్తగారి ఆయాసం, పిల్లల చదువు చూస్తే మీరు ఇల్లు మారడం అవసరమే. కాని గంటా యాభై నిమిషాల దూరానికి మాత్రం వద్దంటాను. మీ వారి ఆరోగ్యాన్ని ఇచ్చి మీరు ఆ మూడో గదిని కొనవలసి వస్తుంది.

మూడు గదుల బదులు, గాలీ వెలుతురూ ఉన్న రెండు పడక గదుల ఇల్లు మధ్య దూరంలో చూడండి. ఘట్‌కేసర్ వెళ్ళే దారిలోనే ఉప్పల్, నాగోలు ఉన్నాయి. నాగోలు నుంచి హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం దాకా 2019 నుంచి మెట్రో రైలు తిన్నగా నడుస్తోంది. ప్రయాణం సుమారు గంట. అదీ తక్కువేమీ కాదు. కాని బండి నడిపే శ్రమ ఉండదు, పొగ తక్కువ, స్టేషనుకు పోవడం రావడంలో కొంత నడక కలిసివస్తుంది. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి గంటంబావు మించకూడదని గిరి గీసుకోండి.

వెంటనే కొనకండి. ముందు ఆ ప్రాంతంలో ఏడాదిపాటు అద్దెకు ఉండి చూడండి. అదీ వీలుకాకపోతే, అడ్వాన్సు ఇచ్చేముందు మీ వారిని ఐదు పనిదినాలు ఆ దారిలో, ఆఫీసు వేళల్లోనే ప్రయాణించి చూడమనండి. ఆదివారం కారులో తీసుకువెళ్ళి చూపించే బ్రోకరు చెప్పిన నిమిషాలను నమ్మకండి. ఆ ఐదు రోజులూ నిద్రపోయిన గంటలు, సాయంత్రం రక్తపోటు ఒక పుస్తకంలో వ్రాసుకోండి. ఆ పుస్తకం చూస్తే మీకే తెలుస్తుంది.

ఈలోగా ఉన్న ఇంటినే బాగుచేసుకోండి. అత్తగారి మంచం వంటగదికి దూరంగా, కిటికీ దగ్గరకు జరపండి. వంటింట్లో ఎగ్జాస్టు ఫాను పెట్టించండి. మంచాల కిందా, అటక మీదా పేరుకున్న పనికిరాని సామాను తీసేయండి. వారానికోసారి పరుపులు ఎండలో వేయండి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా టీవీ కట్టేస్తే అమ్మాయి చదువుకోవడానికి వేరే గది ఉన్నట్టే.

ఇప్పటికే దూరంలో ఉన్నవారికి

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైల్లో వెళ్ళివచ్చేవారు, ఊరి చివర ఇల్లు కొనుక్కున్నవారు ఇది చదివి దిగులు పడనక్కరలేదు. కొన్ని జాగ్రత్తలు తీసుకోండి.

వీలైతే బండి మాని రైలు, బస్సు ఎక్కండి. ఒక స్టాపు ముందు దిగి నడవండి. లిఫ్టు బదులు మెట్లెక్కండి. నీళ్ళు మానకండి. దారిలో ఏ స్టేషనులో మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందో తెలుసుకుని ఉంచుకోండి. మధుమేహానికి ఇన్సులిను గాని మాత్రలు గాని వాడేవారు భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. జేబులో గ్లూకోజు పొడి, నాలుగు బిస్కెట్లు ఉంచుకోండి. రాత్రి ఇంటికి చేరడం ఆలస్యమైతే సాయంత్రమే ఆఫీసులో ఇంటినుంచి తెచ్చుకున్న చపాతీలు తిని, ఇంట్లో మజ్జిగ అన్నంతో సరిపెట్టుకోండి. నిద్ర వస్తుంటే బండి పక్కన ఆపి, పావుగంట కళ్ళు మూసుకున్నాకే బయలుదేరండి. కొన్ని ఆఫీసుల్లో వారానికి ఒకటి రెండు రోజులు ఇంటినుంచి పని చేయనిస్తున్నారు. అడగడానికి మొహమాటపడకండి. ఆ రెండు రోజులూ మిగిలిన గంటల్లో నడవండి, నిద్రపోండి. ఆఫీసు పనికి మాత్రం ఇచ్చేయకండి.

ఇల్లు ఎంచుకునేటపుడు ఒకటి గుర్తుంచుకోండి. ఎంత పెద్ద ఇల్లు కొన్నామన్నదానికంటే, మెలకువగా ఉండి ఆ ఇంట్లో ఎన్ని గంటలు గడుపుతామన్నది ముఖ్యం. పడుకోవడానికి మాత్రమే చేరే ఇంటికి ఒక గది ఎక్కువైనా, తక్కువైనా ఒకటే.