సముద్రతీరమున కడ్డీ వెల్డింగు

వెల్డింగు నేర్వగోరు మన బాలురలో పలువురు నేడు తీగచుట్టతోను, గ్యాసు సిలిండరుతోను నడచు మిగ్గు యంత్రమును చూచి ముచ్చటపడుచు, కడ్డీతో చేయు పనిని పాతకాలపుదిగా నెంచుచున్నారు. ఈ తలంపు మన నెల్లూరు తీరమునకు తగినది కాదని నా మనవి.

మిగ్గు వేగమైనదనుట నిజమే. కడ్డీ కరగి పొట్టిదైనప్పుడెల్ల పని నిలిపి వేఱొకటి తొడుగవలెను; అతుకుమీది చిట్టెమును సుత్తితో రాల్పవలెను. పలుచని రేకులకును మిగ్గే మేలు. టంగ్‌స్టను ములికితో చేయు టిగ్గు మఱింత నాజూకైనది. శ్రీహరికోట నుండి ఎగయు పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచె యొక్క మరేజింగు ఉక్కు కవచమును ఆ పద్ధతినే అతుకుదురు. అయితే అది గాలి చొరని కార్ఖానాలలో జరుగు పని. మైపాడులోనో కృష్ణపట్నములోనో మధ్యాహ్నపు సముద్రపుగాలికి ఎదురుగా ఆ యంత్రము పట్టినవాని గతి యేమి? కరగిన యినుమునకు రక్షగా వదలిన వాయువు, గంటకు 8 కిలోమీటర్లు మించిన గాలికే చెదరసాగును; అతుకు గుల్లబాఱును. చాటున తెరలు కట్టవచ్చును గాని, రొయ్యల చెరువుగట్టుమీద విఱిగిన గేటునకు తెర కట్టువాడెవడు?

కడ్డీకి పైపూతయే రక్ష. అది కాలి వాయువై, చిట్టెమై అతుకును కప్పును. 20వ శతాబ్ది తొలి దశకమున స్వీడను దేశస్థుడగు ఆస్కార్ షెల్‌బెర్గు ఈ పూతకడ్డీని రూపొందించినది ఓడల మరమ్మతు పనికొఱకే.

కాని యీ కడ్డీకి మన యుప్పుగాలిలోని తేమ పగ. బలమైన పనులకు వాడు 7018 కడ్డీలను, చేసినవారు చెప్పిన రీతిని, సుమారు 300 నుండి 350 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చి, వేడిపెట్టెలోనుండి కొన్నికొన్నిగా తీసి వాడవలెను. ఎండలో పఱచుట చాలదు. (సాధారణమగు 6013 కడ్డీలకింత వేడి తగదు, పూత చెడును.) తేమనుండి పుట్టిన హైడ్రోజను మందపు ఉక్కులో చేరినచో, పైకి చక్కగా కనబడు అతుకు మఱునాడో మూడవనాడో లోలోపల చీలును. ట్రాక్టరు ట్రాలీ కొక్కెము అట్లు విఱిగినచో వెనుక కూర్చున్న కూలీల మాట యేమి?

తలిదండ్రులు బాలుని పనికి పంపునపుడు దుకాణములో ఎన్ని యంత్రములున్నవని విచారింతురు. కడ్డీలెచట దాచుదురు, బాలుని కన్నులకు నల్లద్దమిత్తురా యని అడుగువారు అరుదు. పనిశాలకు క్రొత్త సామగ్రి కొనదలచినవారు ముందుగా కడ్డీలు కాల్చు పెట్టెను కొనవలెను. మిగ్గు యంత్రమును మఱుసటి యేట కొనవచ్చును.