కండబలం కూడా అమానతే

విశ్వాసి బలంగా ఉండటం అల్లాహ్‌కు ఇష్టమని మహాప్రవక్త (స) బోధించారు. ఆయన స్వయంగా కుస్తీ పట్టారు, పరుగు పందెంలో పాల్గొన్నారు. కాబట్టి మన యువకులు కండలు పెంచుకోవాలనుకోవటాన్ని మేము తప్పుపట్టం. అందుకోసం కొందరు తొక్కుతున్న దారిని గురించే మా ఆందోళన.

ఇప్పుడు వ్యాయామశాలల్లో పెప్టైడ్ మందుల మాట తరచు వినిపిస్తోంది. పెప్టైడ్ అంటే అమినో ఆమ్లాల గొలుసు. 1921లో కనుగొన్న ఇన్సులిన్ కూడా ఆ జాతిదే. సెమాగ్లుటైడ్, 2025 మార్చిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మౌంజారో ఆకలిని తగ్గించి, చక్కెరనూ బరువునూ అదుపులో పెడతాయి. వైద్యుని సలహాపై వాడే రోగికి ఇవి దైవానుగ్రహమే. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమన్నారు ప్రవక్త (స).

కానీ వీటితో కండ పెరగదు. పైగా కొవ్వుతోపాటు కొంత కండ కూడా కరుగుతుంది. ఇక కండ కోసమంటూ కొందరు సీజేసీ-1295, ఇపామొరెలిన్ సీసాల వెంట పడుతున్నారు. ఇవి పిట్యూటరీ గ్రంథిని ప్రేరేపించి పెరుగుదల హార్మోనును విడుదల చేయిస్తాయి. ఆ హార్మోను మితిమీరితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, కీళ్లు నొప్పిపెడతాయి. గాయాలు మాన్పుతుందని చెప్పే బీపీసీ-157ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022లో నిషేధిత జాబితాలో చేర్చింది. ఇలాంటి సీసాలపై 'పరిశోధనకు మాత్రమే' అని రాసి అమ్ముతుంటారు. మనిషికి పనికిరాదని అమ్మేవాడే ఒప్పుకుంటుంటే, కొనేవాడు ఒంట్లోకి ఎక్కించుకోవటం ఏం వివేకం?

కండ ఎలా వస్తుందో తెలియాలంటే అరకు కొండలే పాఠశాల. చోడి అంబలి తాగి, కావడి భుజాన వేసుకుని కొండలెక్కి దిగే గిరిజనులను చూడండి. ఈ తూర్పు కనుమల చెంతనున్న వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. సాధన, తిండి, నిద్ర - ఆనాడూ ఈనాడూ కండకు ఇవే మూలం.

అలాగని కొండల్లో అందరూ బలిష్ఠులని మేము అనం. రక్తహీనత, సికిల్‌సెల్ వ్యాధి ఆ గూడేలను పీడిస్తున్నాయి. రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దుస్థితి ఇంకా తీరలేదు. ఆ డోలీ మోసేవారి కండకు చాలినంత తిండి లేదు. తిండికి లోటు లేని మనకేమో సూది కావాలి!

అరకు ప్రాంతంలో పండే రాజ్మాలో 100 గ్రాములకు 20 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి. సూదిమందుకు వేలు పోసేవారే, సంతలో ఆ గింజలమ్మే గిరిజన తల్లితో పది రూపాయలకు బేరమాడితే అది న్యాయమా? ఆమె అడిగిన ధర ఇచ్చి కొనండి. ఇంట్లో వండించుకు తినండి. బరువులెత్తండి, కొండలెక్కండి.

సోదరులారా! శరీరం మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు. దానికి మనపై హక్కుంది. యౌవనాన్ని ఎలా గడిపావు, ధనాన్ని దేనికి ఖర్చుచేశావు అనే ప్రశ్నలకు ప్రళయదినాన జవాబు చెప్పక తప్పదు. అద్దంలో అందం కోసం ఆరోగ్యాన్ని పణంగా పెట్టినవాడు ఆ రెండింటికీ ఏమని బదులిస్తాడు? మన బలం నమాజులో నిలబడటానికి, బలహీనుని బరువు పంచుకోవటానికి ఉపయోగపడాలి. అలాంటి బలాన్నీ, దాన్ని కాపాడుకునే వివేకాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.